పన్నెండెకరాల కంప

ఆ ఏడు మార్చి మొదటి వారంలో మా నాన్న చేతికి మళ్లీ ఒక అడవి వచ్చింది.

అడవి అంటే పెద్దదేమీ కాదు. పుప్పాలగూడ దాటాక, మేముండే అపార్ట్‌మెంట్ల ప్రహరీ వెనకాల, మూడు వైపులా ఆఫీసు టవర్లు కమ్ముకున్న నూట అరవై ఎకరాల అటవీ భూమి. గుండ్రటి బండలు, వేపలు, అక్కడక్కడా మోదుగులు, మధ్యలో ఏప్రిల్ దాకా నీళ్లుండే ఒక కుంట. మిగతాదంతా లాంటానా కంప. తొమ్మిదో అంతస్తులోని మా బాల్కనీ నుంచి చూస్తే లోపల ఏమీ లేదనిపించేది. కానీ ఆ కంప కిందే ఎనభై దాకా చుక్కల దుప్పులు, కుందేళ్లు, ముళ్లపందులు, పునుగుపిల్లులు బతికేవి.

మా నాన్న రామబ్రహ్మం గోదావరి జిల్లాల అడవుల్లో ముప్పై నాలుగేళ్లు పనిచేసి రేంజరుగా రిటైరయ్యారు. అమ్మా ఆయనా నా దగ్గరికి వచ్చి మూడేళ్లయింది. ఈ మూడేళ్లూ ఆయన చేసిన ఉద్యోగమల్లా మా కాలనీ పార్కులో చెట్లకు తగిలించిన పేర్ల బోర్డుల్లో తప్పులు దిద్దడమే. అందుకని కాలనీ సంఘం కార్యదర్శి సాయిచంద్ వచ్చి, "అంకుల్, మన గోడ పక్క పన్నెండెకరాలు శుభ్రం చేయడానికి ఫారెస్టు వాళ్లు ఒప్పుకున్నారు. సలహాదారుగా మీరుండాలి. మీరు నోట్ రాసిస్తే పని మొదలవుతుంది" అన్నప్పుడు నాన్న మొహం చూడాలి. మర్నాడే బీరువాలోంచి పాత బూట్లు తీసి పాలిష్ చేసుకున్నారు.

కంప తీయడానికి కారణముంది. పోయిన ఏప్రిల్లో గోడ పక్కన నిప్పంటుకుని పొగ మా ఇళ్లలోకి వచ్చింది. పైగా పాముల భయం.

నాన్నతో పాటు నేనూ మొదటి రోజు లోపలికి వెళ్లాను. ముందు నడిచింది భూలక్ష్మి. యాభై ఏళ్లుంటాయి. పుప్పాలగూడ ఊరామె. చీర మీద ఖాకీ చొక్కా తొడుక్కుని, చేతిలో కర్ర పట్టుకుని పదకొండేళ్లుగా ఆ అడవికి వాచరుగా ఉంది. నాన్న చెట్టు చెట్టుకీ ఆగి, నరకాల్సిన వరుసల మొదట ఎర్ర రిబ్బను కట్టిస్తున్నారు. నాలుగో రిబ్బను కట్టాక ఆమె ఆగిపోయింది.

"సారూ, గిప్పుడు కొట్టకుండ్రి."

"ఎందుకమ్మా?"

"దుప్పులు పిల్లల పెట్టే దినాలు. తల్లి పొద్దుగాల మేతకు పోతది. పిల్లను గీ కంపల పండవెట్టి పోతది. రెండు మూడు నెలలు ఆగుండ్రి. వానలు వడ్డంక నేనే దగ్గరుండి కొట్టిస్త."

"మరి అగ్గి మాటేమిటి? పోయినేడు ఫైరింజన్లు వచ్చాయట కదా!"

"అగ్గి ఎట్ల పడ్డదో నేను జూసిన. గోడ మీదికెళ్లి సిగరెట్ పీక వడ్డది. మీ బిల్డింగోళ్లదే."

నాన్న నవ్వారు. ఆయనకు కోపం రాలేదు. చిన్నప్పుడు నాకు లెక్కలు చెప్పిన గొంతుతోనే చెప్పారు. "చూడమ్మా, ఈ లాంటానా మన దేశపు మొక్క కాదు. తన కింద గడ్డి మొలవనివ్వదు. గడ్డి లేకపోతే దుప్పులేం తింటాయి? ఇది తీసేస్తే రెండేళ్లలో ఇక్కడ మంచి గడ్డి, మంచి మొక్కలు వస్తాయి. అడవి అడవిలా అవుతుంది."

"అయితదేమో సారూ. గా రెండేండ్లు అవి యాడుండాలె మరి?"

నాన్న అయిదో రిబ్బను తీశారు.

నాన్న చెప్పింది తప్పు కాదు. చదువుకున్నవాళ్లెవరైనా అదే చెబుతారు. ఆయన నోట్ రెండు పేజీలు, ముత్యాల్లాంటి అక్షరాలు. అందులో ఏ మొక్క నరకాలో ఉంది, ఏది నాటాలో ఉంది, వేర్లు ఎంత లోతు తవ్వాలో కూడా ఉంది. భూలక్ష్మి మాట లేదు.

మిగతా పని నాది. మాదాపూర్‌లోని మా కంపెనీలో ఉద్యోగులతో సేవా కార్యక్రమాలు చేయించే కమిటీకి నేనే సమన్వయకర్తని. కంప కొట్టడానికి మనుషులు కావాలనగానే నేను చెయ్యెత్తాను. నాన్న అడవి, నా టీము. నాకు చాలా గొప్పగా అనిపించింది. మార్చి మూడో శనివారం ముహూర్తం పెట్టాం. ఈలోగా ఏయే జంతువులున్నాయో జాబితా రాయడానికి, ఎదురుగా ఏదైనా కదిలితే తమంతట తామే ఫొటోలు తీసే కెమెరాలు రెండు అటవీశాఖ ఇచ్చింది. వాటి కార్డులు తెచ్చి చూడటం నా వంతు.

ముందురోజు, శుక్రవారం మధ్యాహ్నం, ఆఫీసు క్యాంటీన్లో ఓ మూల కూర్చుని చివరి కార్డు లాప్‌టాప్‌లో పెట్టాను. గాలికి ఊగిన కొమ్మలు వందల కొద్దీ. ఒక నెమలి. కుందేలు చెవులు. తర్వాత వరుసగా ఆరు ఫొటోలు. తల్లి దుప్పి తల వంచి పొదలోకి దూరుతోంది. పొద మొదట్లో ఏదో నాకుతోంది. చివరి ఫొటోలో తల్లి లేదు. ఎండుటాకుల మీద కాళ్లు ముడుచుకుని, మెడ నేలకు ఆనించి పిల్ల పడుకుని ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి. కింద తేదీ బుధవారం, సమయం ఉదయం ఆరూ పన్నెండు. పక్క కొమ్మకు మేం కట్టిన ఎర్ర రిబ్బను కూడా ఫొటోలో పడింది.

ఫొటో పెద్దది చేసి మళ్లీ చూశాను. ఫోన్ మాత్రం ఆగకుండా మోగుతోంది. అరవై రెండు మంది పేర్లు, టీషర్టు సైజులు, హఫీజ్‌పేట్ నుంచి వచ్చే బస్సు ఎక్కడాగాలి, మాదాపూర్ బస్సు ఎన్నింటికి. బెంగళూరు నుంచి మా డివిజన్ హెడ్ వస్తున్నాడు. మొదటి కొమ్మ ఆయన నరకాలి. 'నాన్నా, ఒక ఫొటో వచ్చింది' అని టైపు చేశాను. కాసేపు దానివంకే చూసి చెరిపేశాను. తల్లి ఈపాటికి పిల్లను వేరేచోటికి తీసుకుపోయే ఉంటుంది అనుకున్నాను. నిజానికి అనుకోలేదు, నమ్ముదామని నిర్ణయించుకున్నాను.

సాయంత్రం నాన్న అడిగారు. "కార్డులో ఏమైనా వచ్చాయా ఉమా?"

"నెమలి. కుందేలు."

"అంతేనా?"

"అంతే."

శనివారం పొద్దున్న ఏడింటికల్లా ఎర్ర టీషర్టులతో అడవి నిండిపోయింది. గడ్డి కోసే మిషన్లు ఆరు వచ్చాయి, కొడవళ్లు పంచారు. పని మొదలుపెట్టే ముందు నేను మైకు తీసుకుని, "అందరం ఒక్క నిమిషం చప్పట్లు కొడదాం, కేకలు వేద్దాం. లోపల ఏమైనా ఉంటే పారిపోతాయి" అన్నాను. అరవై మంది ఈలలు వేశారు, డబ్బాలు కొట్టారు. కుందేళ్లు ఉరికాయి. దుప్పుల గుంపు ఒకటి తోకలెత్తి గుట్ట వైపు పారిపోయింది. నా గుండెల మీంచి బరువు దిగింది. చేయాల్సింది చేశాననుకున్నాను.

భూలక్ష్మి నా పక్కకు వచ్చింది. "మేడం, ఎందుకు లొల్లి వెట్టిచ్చిన్రు?"

"పిల్లలేమైనా ఉంటే పారిపోతాయని."

"పిల్లలు ఉర్కయి మేడం. సప్పుడైతే ఇంక గట్టిగ పండుకుంటయి."

అప్పటికే మిషన్లు నడుస్తున్నాయి.

పదిన్నరకు టెస్టింగ్ టీములోని సరిత అనే అమ్మాయి కేక వేసింది. వెళ్లి చూస్తే దుప్పి పిల్ల. చుట్టూ కంప పోయినా అది కదల్లేదు. ఊపిరి తీస్తున్నట్టు కూడా లేదు. "అయ్యో, తల్లి వదిలేసిపోయినట్టుంది" అంటూ సరిత దాన్ని ఒళ్లోకి తీసుకుంది. ఫోన్లు పైకి లేచాయి. భూలక్ష్మి పరుగున వచ్చింది.

"ముట్టకుండ్రి! తల్లి యాడికీ పోలే, గా గుట్ట మీదనే ఉన్నది. ఇనవడ్తలేదా?"

వినబడుతోంది. పొద్దుటి నుంచీ గుట్ట మీంచి ఒక దుప్పి పదునుగా, ఆగి ఆగి అరుస్తూనే ఉంది. మేమంతా అది మమ్మల్ని చూసి బెదిరిందనుకున్నాం.

పిల్లను దొరికిన చోటే పెట్టించింది భూలక్ష్మి. కానీ ఆ చోటు ఇప్పుడు ఉత్త నేల. నరికిన కొమ్మలు తెచ్చి పైన కప్పింది. నాన్న వచ్చి చూశారు. "సాయంత్రానికి తల్లి వచ్చి తీసుకుపోతుందిలే" అన్నారు. అన్నాక నా వైపు చూశారు, నేను ఔనంటానేమోనని. నేను తల ఊపాను.

ఆదివారం తెల్లవారి వెళ్లేసరికి కొమ్మలు చెల్లాచెదురుగా ఉన్నాయి. ఎర్రమట్టిలో ఈడ్చిన జాడ కుంట దాకా ఉంది. కుంట గట్టు మీద నాలుగు వీధికుక్కలు పడుకుని ఎండ కాచుకుంటున్నాయి. భూలక్ష్మి వాటిని కర్రతో తరిమింది.

ఆ తర్వాత పది రోజుల్లో మరో మూడు పిల్లలు పోయాయి. ఒక తల్లి దుప్పి గోడ సందులోంచి బయటపడి, సర్వీసు రోడ్డు మీద క్యాబ్ గుద్ది కాలు విరగ్గొట్టుకుంది. కుక్కలు ఆ అడవికి కొత్త కాదు. గోడ కింద మురికికాలువ తూము ఉంది, ఎప్పుడూ అందులోంచే వచ్చేవి. కంప ఉన్నన్నాళ్లూ వాటికి ఏమీ కనబడలేదు, దూరడానికి దారి లేదు. ఇప్పుడు ఈ చివర నిలబడితే ఆ చివర కుందేలు కూడా కనబడుతోంది.

కుక్క మొరిగితే చాలు, మా ఇంట్లో ముగ్గురం చేస్తున్న పని ఆపేవాళ్లం. అమ్మ బాల్కనీ తలుపు వేసి కర్టెన్ లాగేసింది. పొద్దున్నే అక్కడ కూర్చుని పూలు కట్టుకోవడం ఆమెకు అలవాటు. ఆ పని వంటింట్లోకి మార్చుకుంది. నాన్న పేపరు చదువుతున్నట్టే ఉండేవారు, పేజీ తిరిగేది కాదు. నేను ఆఫీసులో మీటింగుల మధ్య ఫోన్ తీసి కాలనీ గ్రూపు చూసేదాన్ని. ఈ రోజేమైనా రాశారా? ఎవరైనా ఆ కార్డు సంగతి అడుగుతారా? ఎవరూ అడగలేదు. దానికి బదులు సాయిచంద్ ఒక ఫొటో పెట్టాడు, అడవి వెనక గేటు బార్లా తెరిచి ఉన్న ఫొటో. కింద రాశాడు: 'వాచర్ నిర్లక్ష్యం వల్లే కుక్కలు లోపలికి వచ్చాయి. అధికారులకు ఫిర్యాదు చేశాం.'

ఆ గేటు తీసి ఉంచింది కంప కొట్టిన శనివారం, మా బస్సుల కోసం. అది నాకు తెలుసు. సాయిచంద్‌కీ తెలుసు.

వారం తిరక్కుండా భూలక్ష్మికి నోటీసు వచ్చింది. నెలాఖరు నుంచి ఆమె బదులు వేరే మనిషిని పెడతారట. శనివారం మా క్లబ్‌హౌస్‌లో సమావేశం, రేంజ్ ఆఫీసర్ శ్రీనివాసరావు గారు వస్తారు. ఆమె సంగతి తేల్చి, రెండో విడతగా మరో పద్దెనిమిది ఎకరాల కంప తీయడానికి తేదీ పెట్టుకోవాలి.

గురువారం సాయంత్రం ఆమె మా గుమ్మం ముందుకొచ్చింది. లోపలికి రమ్మంటే రాలేదు. అమ్మ ఇచ్చిన మంచినీళ్లు తాగి గ్లాసు గోడ పక్కన పెట్టింది.

"సారూ, మీటింగుల మీరొక్క మాట జెప్పుండ్రి. గేటు నేను తెరువలే. తాళం చెవి గా దినం మీ సాయిచంద్ సారే తీస్కున్నడు. నౌకరి గురించి ఫికర్ లేదు, ఇంకోటి దేవులాడుకుంట. గని దుప్పుల సంపిచ్చింది నేనే అంటుండ్రు. గది ఇనలేకపోతున్న."

"చూస్తానమ్మా" అన్నారు నాన్న.

ఆమె లిఫ్టు ఎక్కేదాకా అమ్మ గుమ్మంలోనే నిలబడింది. తర్వాత తలుపేసి, "చూస్తానంటే ఏమిటండీ?" అంది. అమ్మ పేరు పుణ్యవతి. నాన్నకు ఎదురు ప్రశ్న వేయగా నేను విన్నది చాలా తక్కువ.

"గేటు తీసి ఉందో లేదో నేను చూడలేదు. చూడంది ఎలా చెప్పను?"

"గేటు సంగతి సరే. మిగతాది చూశారుగా!"

నాన్న లేచి లోపలికి వెళ్లిపోయారు.

శనివారం పొద్దున్న అమ్మ పెసరట్లు వేస్తోంది. నాన్న సమావేశానికి చొక్కా ఇస్త్రీ చేసుకుని వచ్చి కూర్చున్నారు. నేను లాప్‌టాప్ తెరిచి ఆయన కంచం పక్కన పెట్టాను. ఆరు ఫొటోలూ ఒక్కొక్కటే చూశారు. చివరిదాని దగ్గర కళ్లద్దాలు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని తేదీ చదివారు.

"ఇది ఎప్పుడు చూశావు?"

"ముందురోజే. శుక్రవారం."

"నేనడిగాను కదా."

"అడిగారు."

వంటింట్లో అట్లకాడ చప్పుడు ఆగిపోయింది.

"ఎందుకు చెప్పలేదు?"

"చెబితే మీరు ఆపేస్తారని. బస్సులు, జనం, మా హెడ్డు... అన్నీ ఏర్పాటైపోయాయి నాన్నా. అంతా ఆగిపోతుందేమోనని భయమేసింది."

ఆయన ఆ పిల్ల బొమ్మనే చూస్తున్నారు. తిడతారని ఎదురుచూశాను. తిడితే బాగుండుననిపించింది.

"ఆపేవాణ్ణి కాదు ఉమా" అన్నారు. "నువ్వు చూపించినా ఏదో ఒకటి చెప్పి ఉండేవాణ్ణి. తల్లి తీసుకుపోయి ఉంటుందనో, ఒక్క పొద వదిలేద్దామనో. నోట్ రాసేశాను కదా."

అమ్మ వచ్చి ఆయన కంచంలో అట్టు వేసింది. నాన్న సగం తిని చెయ్యి కడుక్కున్నారు. లాప్‌టాప్ మూసి తనే చంకలో పెట్టుకున్నారు.

క్లబ్‌హౌస్‌లో నలభై మంది దాకా ఉన్నారు. భూలక్ష్మి కుర్చీ ఉన్నా కూర్చోకుండా తలుపు దగ్గర నిలబడింది. సాయిచంద్ గేటు ఫొటో తెర మీద వేసి మాట్లాడాడు. శ్రీనివాసరావు గారు నాన్న వైపు తిరిగి, "సలహాదారుగా మీ అభిప్రాయం చెప్పండి సార్" అన్నారు.

నాన్న లేచారు. "గేటు వల్ల కాదండీ" అన్నారు. గొంతు మామూలుగానే ఉంది. "ఆ నోట్ నేను రాశాను. ఏం నరకాలో రాశాను గానీ, ఎప్పుడు నరకాలో రాయలేదు. కొంచెం కొంచెంగా, మధ్య మధ్య పొదలు వదులుతూ నరకాలనీ రాయలేదు. ముప్పై నాలుగేళ్లు ఆ శాఖలో పనిచేసి ఆ మాట మరిచిపోయాను. భూలక్ష్మి గారు నాకు నోరు తెరిచి చెప్పారు, రెండు మూడు నెలలు ఆగమని. నేను వినలేదు. రెండో విడత ఇప్పుడు మొదలుపెడితే మిగిలిన పిల్లలు కూడా పోతాయి. నేను సంతకం పెట్టను."

ఎవరో వెనకనుంచి, "అంకుల్, మన వాళ్లను మనమే..." అని ఆపేశారు. సాయిచంద్ మొహం ఎర్రబడింది. నాన్న కూర్చున్నారు. ఇక నా వంతు అని ఎవరూ అనలేదు. నేను కూర్చునే ఉండొచ్చు. కుర్చీ వీపు పట్టుకుని లేచి, ఆ ఫొటో తెర మీద వేసి, ముందురోజే చూశానని చెప్పాను. గేటు తీయించింది మా బస్సుల కోసమేనని చెప్పాను.

"ఇదంతా రాసిస్తారా?" అన్నారు శ్రీనివాసరావు గారు. ఇద్దరం అక్కడే రాసిచ్చాం.

బయటికి వస్తుంటే భూలక్ష్మి మెట్ల మీద ఆగింది.

"అంటే మీకు ఎరికేనా మేడం?"

"ఎరికే" అన్నాను. ఎందుకో ఆ మాటే వచ్చింది.

ఆమె నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూసి, కర్ర తీసుకుని వెళ్లిపోయింది.

నోటీసు వెనక్కి తీసుకున్నారు. రెండో విడత వానల తర్వాతకి వాయిదా పడింది. తూముకు ఇనుప జాలీ బిగించారు. నాన్నను సలహాదారు పదవి నుంచి తీసేశారు. ఆఫీసులో మా మేనేజరు గది తలుపు వేసి, "ఇవన్నీ బయట చెప్పాల్సిన అవసరమేంటి?" అని అడిగాడు. కమిటీలో నా పేరు లేకుండా పోయింది. లిఫ్టులో ఎవరైనా కలిస్తే ఫోన్ చూసుకునేవారు.

అయినా భయం పోలేదు. జాలీ ఉన్నా కుక్కలు గోడ విరిగిన చోటు వెతుక్కుని వచ్చేవి. ఏప్రిల్, మే నెలలంతా నాన్న పొద్దున్నే బూట్లు తొడుక్కుని భూలక్ష్మితో పాటు గోడ వెంట తిరిగేవారు. ఆరు పదులు దాటిన మనిషి, ఎండలో ఎక్కడ తూలిపడతారోనని అమ్మ బాల్కనీ తలుపు మళ్లీ తెరిచి నిలబడేది. నరికిన కంపను కుప్పలుగా వేయించి, కుందేళ్లు దూరేలా కింద సందులు పెట్టించింది భూలక్ష్మి. ఆదివారాలు నేనూ వెళ్లి మోసేదాన్ని. ఆమె నాన్నతో వానల గురించి, మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడేది. నాకు మాత్రం ఎక్కడ వేయాలో కర్రతో చూపించేది, అంతే. ఒకరోజు ఉండబట్టలేక, "ఎన్ని పిల్లలు మిగిలాయి?" అని అడిగాను. ఆమె మోపు ఎత్తుకుని పక్కకు నడిచింది.

జూలై చివర్లో, రెండు గట్టి వానలు పడ్డాక, శ్రీనివాసరావు గారు అయిదుగురు కూలీలతో వచ్చారు. కొత్త పద్ధతిలో, ఒక పట్టీ నరికి ఒక పట్టీ వదిలి పని చేయాలి. నేల తడిగా ఉంది. నరికిన పన్నెండెకరాల్లో గడ్డి మోకాలెత్తు లేచింది. నాన్న అన్నది కూడా నిజమే. ఆ గడ్డిలో ఏడు దుప్పులు మేస్తున్నాయి. వాటి వెంట పిల్ల ఒక్కటే ఉంది.

శ్రీనివాసరావు గారు అలవాటు కొద్దీ నాన్ననే అడిగారు. "ఎక్కణ్ణుంచి మొదలుపెడదాం సార్?"

"ఆవిణ్ణి అడగండి" అన్నారు నాన్న. అని, ఒక బండ మీద కూర్చుని బూటు తాడు సరిచేసుకున్నారు.

భూలక్ష్మి ముందుకు నడిచింది. కూలీలు ఆమె వెనక, వాళ్ల వెనక నేను. కొన్ని పొదలను కర్రతో తట్టి, "కొట్టుండ్రి" అంది. కొన్నింటిని చూడకుండానే దాటింది. గుట్ట మొదట్లో ఒక పొద దగ్గర ఆగి, గొంతుక్కూర్చుని, కర్రతో ఆకులు పక్కకు తీసి లోపలికి చూసింది. చాలాసేపు చూసింది. మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచింది.

"ఇది వద్దు" అంది.

"లోపల ఏముంది?" అన్నారు శ్రీనివాసరావు గారు.

భూలక్ష్మి ఆయన వైపు చూడలేదు. ఆ రోజు మెట్ల మీద అడిగాక మొదటిసారి నా వైపు తిరిగి చెప్పింది.

"గిప్పుడైతే ఏం లేదు మేడం. గని ఉండనియ్యుండ్రి."